బడితో తగవు పడ్డ పూర్వవిద్యార్థి

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం అడిగినప్పుడు, మన ఊరి చరిత్రో, మన బడి చరిత్రో రాస్తానని మిత్రులు అనుకుని ఉంటారు. నేను మాత్రం అమెరికా దేశపు రాజకీయ వ్యాఖ్యాత ఒకాయన గురించి రాస్తున్నాను. ఎందుకో ముందుగా చెప్పుకోవాలి.

రెండేళ్ల క్రితం మన సంఘం సర్వసభ్య సమావేశం చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొత్త తరగతి గదులకు విరాళాల మాట వచ్చింది. "గదులు కట్టించేది మేమైనప్పుడు, వాటిలో ఏ మీడియంలో చెప్పాలో, ఏం చెప్పాలో కూడా మా మాట కాస్త వినాలి కదా" అని ఒక మిత్రుడు అన్నాడు. వెనక వరసలోంచి ఒక మాస్టారు లేచి, "గదులు కట్టించండి బాబూ, సంతోషం. పాఠం మాత్రం మాకు వదిలేయండి" అన్నారు. సభ రెండుగా చీలింది. ఆ తరవాత భోజనాలకు లేచాం. పులిహోర దగ్గర మళ్లీ అందరం ఒకటయ్యాం. ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ రాత్రి ఇంటికి వెళుతుంటే నాకు గుర్తొచ్చిన మనిషి విలియం ఎఫ్. బక్లీ జూనియర్. ఇదే ప్రశ్నను 1951లో, నిండా ఇరవై ఆరేళ్లు రాకముందే, తను చదివిన యేల్ విశ్వవిద్యాలయాన్ని నిలదీసి అడిగినవాడు ఆయన. ఆ ప్రశ్నతో మొదలై, అమెరికాలో సంప్రదాయవాద రాజకీయాలకు అర్ధ శతాబ్దం పాటు పెద్ద గొంతుగా నిలిచాడు. ఆయన అభిప్రాయాలు చాలావాటితో నాకు ఏకీభావం లేదు. కొన్ని చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా నలభై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన అనుభవంతో ఒక మాట అనగలను. మనకు నచ్చినవాళ్ల జీవితాలే చదివితే మనకు కొత్తగా తెలిసేది తక్కువ.

పది మంది పిల్లల ఇల్లు

బక్లీ 1925 నవంబరు 24న న్యూయార్క్ నగరంలో పుట్టాడు. పది మంది సంతానంలో ఆరోవాడు. తండ్రి టెక్సస్ మనిషి, చమురు వ్యాపారి. మెక్సికోలో, వెనెజువెలాలో వ్యాపారం చేసి డబ్బు గడించాడు. తల్లి న్యూ ఆర్లీన్స్ ఆడపడుచు. ఇంటి మతం రోమన్ కేథలిక్. కనెటికట్ రాష్ట్రంలో షారన్ అనే చిన్న ఊళ్లో 'గ్రేట్ ఎల్మ్' అనే పెద్ద బంగళాలో పిల్లలు పెరిగారు.

మన తెలుగువాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. ఇంగ్లీషు మాటలతో అమెరికాను అర్ధ శతాబ్దం ఆడించిన ఈ మనిషికి మొదట వచ్చిన భాష ఇంగ్లీషు కాదు. ఆయాల దగ్గర స్పానిష్ నేర్చాడు. పారిస్‌లో బడికి వెళ్లి ఫ్రెంచి నేర్చాడు. ఇంగ్లీషులో పద్ధతిగా చదువు మొదలైంది ఏడేళ్ల వయసులో, లండన్‌లో. పెద్దయ్యాక ఆయన మాటతీరులో ఏ ఊరి యాసా కాని ఒక వింత సాగతీత ఉండేదంటారు. దానికి మూలం ఈ బాల్యంలోనే ఉండవచ్చు.

ఆ ఇంట్లో భోజనాల బల్లే మొదటి వాదవేదిక. పది మంది పిల్లలున్న ఇంట్లో నెమ్మదిగా మాట్లాడేవాడి మాట ఎవరికి వినపడుతుంది? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యంలో పనిచేసి, 1946లో యేల్‌లో చేరేనాటికి ఆ అబ్బాయికి వాదన నీళ్లు తాగినంత తేలిక.

చదవని ప్రసంగం

యేల్‌లో బక్లీ తీరిక లేని విద్యార్థి. విద్యార్థుల దినపత్రిక 'యేల్ డైలీ న్యూస్'కు సారథి అయ్యాడు. సంపాదకీయాలతో ఆచార్యులకు నిద్ర లేకుండా చేశాడు. చదువుకుంటూనే తోటివాళ్లకు స్పానిష్ బోధించాడు. బ్రెంట్ బోజెల్ అనే మిత్రుడితో కలిసి చర్చాపోటీల జట్టులో దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ బోజెలే తరవాత బక్లీ చెల్లెల్ని పెళ్లాడాడు. అతని పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

1950 ఫిబ్రవరిలో యేల్ పూర్వవిద్యార్థుల దినోత్సవం వచ్చింది. విద్యార్థుల తరఫున మాట్లాడటానికి బక్లీని ఎంచుకున్నారు. ఆయన రాసుకున్న ప్రసంగం పొగడ్తల ప్రసంగం కాదు. యేల్‌కు ఒక లక్ష్యం లేకుండా పోయిందనీ, తరగతుల్లో మతాన్ని చులకన చేస్తున్నారనీ, ఆర్థికశాస్త్రం పేరుతో ప్రభుత్వ పెత్తనాన్ని నూరిపోస్తున్నారనీ దాని సారాంశం. ముందే చదివిన అధికారులు గతుక్కుమన్నారు. కొంచెం మార్చమన్నారు. మార్చడం ఇష్టం లేకపోతే తప్పుకుంటానన్నాడు బక్లీ. సరేనన్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసింది ఉపాధ్యాయులం. ఆ కుర్రవాడు పది నిమిషాలు మాట్లాడితే ఏమయ్యేది? కొందరు పెద్దలు తలలు ఊపేవారు, కొందరు ముఖం చిట్లించేవారు, తరవాత అందరూ టీ తాగేవారు. ఆపడం వల్ల పది నిమిషాల ప్రసంగం పుస్తకమై కూర్చుంది.

డబ్బు ఇచ్చినవారి మాట

ఆ పుస్తకం పేరు 'గాడ్ అండ్ మ్యాన్ ఎట్ యేల్'. షికాగోలోని హెన్రీ రెగ్నరీ సంస్థ 1951లో ప్రచురించింది. 1701లో పుట్టిన యేల్ సరిగ్గా అదే ఏడాది తన 250వ వార్షికోత్సవం చేసుకుంటోంది. ఉత్సవ వేళ ఇంటి కుర్రాడే వాకిట్లో నిలబడి ఇంటి గుట్టు చెప్పినట్టయింది.

పుస్తకంలో రెండు భాగాల ఆరోపణ ఉంది. మొదటిది, మతం గురించి. రెండోది, ఆర్థికశాస్త్రం గురించి. పాల్ శామ్యూల్సన్ రాసిన ప్రసిద్ధ పాఠ్యపుస్తకంతో సహా యేల్‌లో చెప్పే పుస్తకాలను తిరగేసి, అవి వ్యక్తి స్వేచ్ఛకూ స్వేచ్ఛా విపణికీ వ్యతిరేకంగా ఉన్నాయని చూపించబోయాడు. ఎవరెవరు ఏమేం చెబుతున్నారో ఆచార్యుల పేర్లతో సహా రాశాడు.

అసలు గొడవ ఈ ఆరోపణల దగ్గర కాదు, ఆయన చెప్పిన పరిష్కారం దగ్గర. యేల్‌ను పోషిస్తున్నది పూర్వవిద్యార్థులు. వాళ్లలో ఎక్కువమంది దైవభక్తులు, స్వేచ్ఛా వ్యాపారాన్ని నమ్మేవాళ్లు. తమ నమ్మకాలను తమ డబ్బుతోనే కూలుస్తుంటే వాళ్లెందుకు ఊరుకోవాలి? విశ్వవిద్యాలయం ఏ విలువలు నేర్పాలో వాళ్లే నిర్ణయించాలి. ఒప్పుకోని ఆచార్యుడు మరోచోట కొలువు చూసుకోవచ్చు. 'విద్యా స్వేచ్ఛ' అనేది ఒట్టి మూఢనమ్మకమని పుస్తకం ఉపశీర్షికలోనే అన్నాడు.

దేశమంతా దుమారం రేగింది. యేల్ పూర్వవిద్యార్థి, హార్వర్డ్‌లో పనిచేస్తున్న మెక్‌జార్జ్ బండీ 'అట్లాంటిక్' పత్రికలో పుస్తకాన్ని చీల్చి చెండాడాడు. తరవాతి కాలంలో కెనెడీకి, జాన్సన్‌కు భద్రతా సలహాదారుగా వియత్నాం యుద్ధంతో ముడిపడిన బండీ ఈయనే. తిట్టినకొద్దీ పుస్తకం అమ్ముడుపోయింది. కుర్ర రచయిత పేరు ఇంటింటా తెలిసింది.

పుస్తకంలో ఒక న్యాయం లేకపోలేదు. పూర్వవిద్యార్థిని చందా పుస్తకం పట్టుకున్నప్పుడే తలచుకునే బడికి అతన్ని గౌరవించడం తెలియదు. తాము చదివిన చోట ఏం జరుగుతోందని అడిగే హక్కు పూర్వవిద్యార్థికి ఉంది. అయితే అడగడం వేరు, శాసించడం వేరు. బక్లీ ఆ రెంటి మధ్య గీతను చెరిపేశాడు. డబ్బున్నవాడి నమ్మకమే పాఠమైతే, రేపు మరో రకం నమ్మకం ఉన్నవాడి చేతికి డబ్బు వస్తే పాఠం మారిపోవాలి. ఈ చిక్కుకు ఆయన పుస్తకంలో సరైన జవాబు లేదు. ఆయన తరవాతి జీవితంలో మాత్రం కొంత ఉందని నా అభిప్రాయం.

నష్టాల పత్రిక

చదువయ్యాక బక్లీ కొన్ని నెలలు సి.ఐ.ఏ.లో మెక్సికో నగరంలో పనిచేశాడు. 1954లో బోజెల్‌తో కలిసి, కమ్యూనిస్టుల వేట పేరుతో ఎందరినో వేధించిన సెనేటర్ మెకార్తీని చాలావరకు వెనకేసుకొస్తూ ఒక పుస్తకం రాశాడు. అది ఆయన కీర్తిని పెంచిన పుస్తకం కాదు.

1955 నవంబరులో 'నేషనల్ రివ్యూ' పత్రిక మొదలుపెట్టాడు. అప్పటికి అమెరికా పరిస్థితి తెలిస్తేనే దాని అర్థం తెలుస్తుంది. 1930ల మాంద్యం తరవాత రూజ్వెల్ట్ తెచ్చిన సంస్కరణలతో ప్రభుత్వ పాత్ర బాగా పెరిగింది. ఐసెన్‌హోవర్ వంటి రిపబ్లికన్ అధ్యక్షుడు కూడా దాన్ని వెనక్కి తిప్పే పని పెట్టుకోలేదు. విద్యావంతుల్లో సంప్రదాయవాది అంటే పాతకాలపు మనిషి అనే చిన్నచూపు ఉండేది. పరుగెత్తే చరిత్రకు అడ్డం నిలబడి ఆగమని కేక వేయడమే మా పత్రిక పని అని మొదటి సంచికలోనే బక్లీ ప్రకటించుకున్నాడు.

ఆ రోజుల్లో కుడిపక్షాన మూడు రకాల మనుషులు ఉండేవారు. ప్రభుత్వం తమ జోలికి రాకూడదనే స్వేచ్ఛావాదులు, మతాన్నీ ఆచారాన్నీ కాపాడాలనే సంప్రదాయవాదులు, కమ్యూనిజం మీద పోరే ముఖ్యమనేవాళ్లు. వీళ్లకు ఒకరంటే ఒకరికి పడదు. జేమ్స్ బర్నమ్, విటేకర్ చేంబర్స్, రస్సెల్ కర్క్ వంటి వాళ్లను ఒక పత్రికలో కూర్చోబెట్టడమే బక్లీ చేసిన పెద్ద రాజకీయ కార్యం. అక్క ప్రిసిల్లా కార్యాలయం నడిపింది. పత్రిక ఏనాడూ లాభాల మీద నడవలేదు, దాతలే పోషించారు. గారీ విల్స్, జోన్ డిడియన్ వంటి రచయితలకు అది తొలి రోజుల్లో చోటిచ్చింది. వాళ్లు తరవాత దారి మార్చుకున్నారు. ఆయన వాళ్లను రాయగలరా లేదా అనే చూశాడు.

మనకూ ఒక పోలిక ఉంది. 'నేషనల్ రివ్యూ' వచ్చిన మరుసటి ఏడు, 1956లో, మద్రాసులో 'స్వరాజ్య' వారపత్రిక మొదలైంది. దాని సంపాదకుడు మన నెల్లూరు బిడ్డ ఖాసా సుబ్బారావు, అండ రాజాజీ. లైసెన్సు రాజ్యాన్నీ, సహకార వ్యవసాయాన్నీ అది ఎదిరించింది. 1959లో ఆ భావాలతోనే స్వతంత్ర పార్టీ పుట్టింది. ఆచార్య ఎన్.జి. రంగా దాని తొలి అధ్యక్షుడు. రెండు దేశాల్లోనూ కాలానికి ఎదురీదిన రెండు చిన్న పత్రికలు. రెంటికీ సంబంధం లేదు. కానీ ప్రభుత్వం పెద్దదవుతున్న కాలంలో, దాన్ని ప్రశ్నించే గొంతు ఒకటి ఉండాలన్న అవసరం రెండుచోట్లా ఒక్కటే.

చెరగని మచ్చ

ఇక్కడిదాకా చదివి ఆయన్ని మెచ్చుకోబోయేవాళ్లు కొంచెం ఆగాలి.

1957 ఆగస్టులో 'నేషనల్ రివ్యూ' ఒక సంపాదకీయం ప్రచురించింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లజాతివారికి ఓటు నిరాకరిస్తున్న కాలం అది. తెల్లవారు సంఖ్యలో తక్కువగా ఉన్నచోట కూడా రాజకీయ పెత్తనం వాళ్లదేనా అని ప్రశ్న వేసుకుని, అవునని జవాబు చెప్పింది ఆ సంపాదకీయం. ప్రస్తుతానికి వాళ్లే ముందంజలో ఉన్న జాతి కాబట్టి అన్నది దాని సమర్థన. స్వేచ్ఛ గురించి అంత మాట్లాడిన పత్రిక, పక్క మనిషి ఓటు దగ్గరికి వచ్చేసరికి రంగు చూసింది. ఏ కాలంలో చూసినా ఇది తప్పే. 'ఆ రోజులు అలాంటివి' అని తప్పుకోవడానికి కూడా వీల్లేదు. తప్పని చెప్పిన మనిషి ఆ పత్రికలోనే ఉన్నాడు. ఆయన చెల్లెలి భర్త బోజెల్ మరో సంచికలో అదే పత్రికలో దాన్ని ఖండిస్తూ రాశాడు. రాజ్యాంగం ఓటు హక్కు ఇచ్చినప్పుడు దాన్ని కాలరాయడం చట్టాన్ని కాలరాయడమే అన్నాడు. బక్లీ ఆ ఖండనను ప్రచురించాడు, తన మాట మాత్రం మార్చుకోలేదు.

1965 ఫిబ్రవరిలో దానికి ఒక రకమైన తీర్పు వచ్చింది. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ యూనియన్ చర్చాసభ. అమెరికా కల అక్కడి నల్లజాతి ప్రజలను బలిపెట్టి నిలిచినదేనా అన్నది విషయం. అవునని మాట్లాడినవాడు నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్. కాదని మాట్లాడినవాడు బక్లీ. బాల్డ్విన్ మాట్లాడి కూర్చోగానే సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఓట్లు లెక్కపెడితే బాల్డ్విన్ పక్షానికి 544, బక్లీ పక్షానికి 164. యూట్యూబ్‌లో ఆ చర్చ ఇప్పటికీ దొరుకుతుంది. మన పిల్లలకు చూపించమని ఇంగ్లీషు మాస్టర్లను కోరుతున్నాను. బక్లీ చమత్కారాలన్నీ ఆ సభలో ఉన్నాయి. ఎదుట ఉన్నది మాత్రం ఒక మనిషి బతికిన బతుకు. మాటకారితనం దాని ముందు నిలవలేదు.

గీత గీయడం

అదే కాలంలో ఆయన చేసిన మరో పని ఉంది. జాన్ బర్చ్ సొసైటీ అనే సంస్థ నాయకుడు రాబర్ట్ వెల్చ్, సాక్షాత్తు ఐసెన్‌హోవర్ అధ్యక్షుడే కమ్యూనిస్టుల తొత్తు అని ప్రచారం చేశాడు. ఆ సంస్థలో వేలాది సభ్యులు. వాళ్లలో చాలామంది 'నేషనల్ రివ్యూ' చందాదారులు, దాతలు కూడా. 1962లో బక్లీ వెల్చ్‌ను పేరు పెట్టి ఖండించాడు. 1965లో సంస్థనే ఖండించాడు. కోపంతో చందాలు ఆపేసినవాళ్లున్నారు, విరాళాలు వెనక్కి తీసుకున్నవాళ్లున్నారు.

యేల్‌కు ఇచ్చిన సలహాను ఆయన తన పత్రికకు వర్తింపజేసి ఉంటే, దాతల నమ్మకమే పత్రిక నమ్మకం కావాలి. అలా చేయలేదు. డబ్బు పోయినా సరే, పత్రికలో ఏం రావాలో సంపాదకుడే నిర్ణయిస్తాడని చేసి చూపించాడు. 1951 నాటి ప్రశ్నకు 1962లో బక్లీయే జవాబు చెప్పాడు. ఆయన దాన్ని అలా అనుకున్నాడో లేదో గాని, చదివేవాళ్లకు మాత్రం అలాగే కనిపిస్తుంది.

ఎదుటివాడికి కుర్చీ

1965లోనే న్యూయార్క్ మేయరు పదవికి పోటీ చేశాడు. గెలిస్తే ముందుగా ఏం చేస్తారని విలేఖరులు అడిగితే, ఓట్లు మళ్లీ లెక్కపెట్టమంటానన్నాడు. నూటికి 13 ఓట్లు వచ్చాయి. నవ్వులాటగా మొదలైన ఆ పోటీలో, బయటి పేటల శ్రామిక కుటుంబాలు ఆయనకు ఓట్లు వేయడం రాజకీయ పండితులు గమనించారు.

1966 ఏప్రిల్‌లో 'ఫైరింగ్ లైన్' టెలివిజన్ కార్యక్రమం మొదలైంది. 1999 డిసెంబరు దాకా, దాదాపు 1,500 భాగాలు నడిచింది. అట్టహాసం ఏమీ లేదు. రెండు కుర్చీలు, చేతిలో కాగితాల పలక, ఒక పెన్సిలు. మొదట్లో బాక్ సంగీతం. కుర్చీలో వెనక్కి వాలి, కనుబొమలు ఎగరేసి, నిఘంటువు చూస్తే గాని తెలియని మాటలతో ప్రశ్నలు వేసేవాడు. గంటసేపు ఒకే విషయం.

ఎవరిని పిలిచాడో చూడండి. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన నోమ్ చామ్‌స్కీ, యుద్ధానికి వెళ్లనని బిరుదు పోగొట్టుకున్న మహమ్మద్ అలీ, కవి అలెన్ గిన్స్‌బర్గ్, బ్లాక్ పాంథర్ నాయకుడు హ్యూయీ న్యూటన్, స్త్రీవాది జెర్మేన్ గ్రీర్, కలకత్తా నుంచి మదర్ థెరిసా. తన మాటకు తల ఊపేవాళ్లను పిలిస్తే ఆయనకు సుఖంగా ఉండేది. ఎక్కువసార్లు తనను ఓడించగలవాళ్లనే పిలిచాడు. కొన్నిసార్లు ఓడిపోయాడు కూడా.

సహనం తప్పిన రోజూ ఉంది. 1968 ఆగస్టులో షికాగోలో డెమోక్రాట్ల మహాసభ జరుగుతుంటే, ఏ.బి.సి. టెలివిజన్‌లో రచయిత గోర్ విడాల్‌తో చర్చ. విడాల్ ఆయన్ని ముసుగు నాజీ అన్నాడు. బక్లీ ఆపుకోలేక, విడాల్ లైంగిక ప్రవృత్తిని పట్టుకుని బూతు తిట్టి, మూతి పగలగొడతానన్నాడు. దేశమంతా చూసింది. ఆ ఒక్క క్షణం ఆయన్ని చివరిదాకా బాధించింది. ఈనాటి టీవీ చర్చల్లో అలాంటి క్షణాల కోసమే కెమెరాలు కాచుకుని కూర్చుంటాయి. ఆయనకు సిగ్గు తెచ్చిన పని ఇప్పుడు నిత్య కార్యక్రమమైంది.

మన దేశానికి దగ్గరైన ఒక స్నేహం సంగతి. 1961 నుంచి 1963 దాకా ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న ఆర్థికవేత్త జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ బక్లీకి ఆప్తమిత్రుడు. గాల్‌బ్రెయిత్ ఉదారవాది, ప్రభుత్వ వ్యయాన్ని సమర్థించినవాడు. బక్లీ యేల్ పుస్తకంలో దుమ్మెత్తిపోసింది సరిగ్గా అలాంటి ఆర్థికవేత్తల మీదే. అయినా చలికాలం వస్తే ఇద్దరూ స్విట్జర్లాండ్‌లో గ్‌స్టాడ్ కొండల్లో కలిసి మంచు మీద జారేవారు. టెలివిజన్‌లో కీచులాడుకుని, బయటికొచ్చి కలిసి భోంచేసేవారు.

మార్చుకున్న మాటలు

1964లో బక్లీ వర్గం నిలబెట్టుకున్న బారీ గోల్డ్‌వాటర్ అధ్యక్ష ఎన్నికల్లో చిత్తుగా ఓడిపోయాడు. పదహారేళ్లకు, 1980లో, 'నేషనల్ రివ్యూ' పాఠకుడు రొనాల్డ్ రీగన్ అధ్యక్షుడయ్యాడు. బక్లీ ఆయనకు భజన చేయలేదు. 1978లోనే పనామా కాలువను ఆ దేశానికి అప్పగించే ఒప్పందాల మీద ఇద్దరూ బహిరంగంగా తలపడ్డారు. రీగన్ వద్దన్నాడు, బక్లీ ఇవ్వాలన్నాడు. స్నేహం చెడలేదు. 1991లో అధ్యక్షుడు బుష్ చేతుల మీదుగా ఆయన దేశపు అత్యున్నత పౌర పురస్కారం అందుకున్నాడు.

చివరి దశలో ఆయన తన పక్షానికే మింగుడుపడని మాటలు అన్నాడు. మాదకద్రవ్యాల మీద ప్రభుత్వం చేస్తున్న యుద్ధం ఓడిపోయిందని 1996లో పత్రికలో ప్రకటించాడు. ఇరాక్‌లో అమెరికా లక్ష్యం విఫలమైందని 2006లో రాశాడు. అన్నిటికన్నా ముఖ్యం, 2004లో, జాతి వివక్ష కాలక్రమాన తనంతట తానే పోతుందని నమ్మడం తన తప్పనీ, కేంద్ర ప్రభుత్వం జోక్యం చేసుకోవడం అవసరమేననీ ఒప్పుకున్నాడు. ఆ తప్పు అచ్చయిన నాటికీ ఒప్పుకున్న నాటికీ మధ్య 47 ఏళ్లు. ఓటు కోసం దెబ్బలు తిన్నవాళ్లలో చాలామంది ఆ మాట వినకుండానే పోయారు. ఆలస్యపు ఒప్పుకోలుకు ఉండే విలువ ఎంతో, పరిమితీ అంతే. 1986లో ఎయిడ్స్ రోగులకు పచ్చబొట్టు పొడవాలన్న క్రూరమైన సూచన కూడా ఆయన ఖాతాలోనే ఉంది. చరిత్ర రాసేవాడు జమా, ఖర్చు రెండూ రాయాలి.

ఆయన చేసిన పని పరిమాణం మాత్రం ఆశ్చర్యం. 50కి పైగా పుస్తకాలు, ఐదు వేలకు పైగా పత్రికా వ్యాసాలు, గూఢచారి నవలలు, సముద్ర యాత్రలు, హార్ప్‌సికార్డ్ వాయిద్యం. 2007లో భార్య పాట్రీషియా పోయింది. 2008 ఫిబ్రవరి 27న కనెటికట్‌లోని స్టామ్‌ఫర్డ్ ఇంట్లో, తన రాతగదిలో, 82వ ఏట కన్నుమూశాడు.

మళ్లీ బడికి

యేల్‌తో ఆయన తగవు ఏమయింది? 1968లో విశ్వవిద్యాలయ పాలకమండలికి పూర్వవిద్యార్థులు ఎన్నుకునే స్థానానికి బక్లీ పోటీ చేశాడు. పూర్వవిద్యార్థులే ఏలాలన్న మనిషిని పూర్వవిద్యార్థులే ఓడించారు. తరవాత విదేశాంగమంత్రి అయిన సైరస్ వాన్స్ గెలిచాడు. అయినా బక్లీ యేల్‌ను వదల్లేదు, యేల్ ఆయన్ని వదల్లేదు. 2000లో అదే విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన ఉత్తరాలు, రాతప్రతులు, జీవితకాలపు కాగితాలన్నీ ఈనాడు యేల్ గ్రంథాలయంలోనే ఉన్నాయి. వాటిని చూసి ఆయన్ని మెచ్చుకునే పుస్తకాలూ, ఏకిపారేసే పుస్తకాలూ వచ్చాయి. తన బడిలో ఫలానా పాఠమే చెప్పాలన్న మనిషి, తన జీవితం మీద ఎవరికి తోచిన పాఠం వాళ్లు చెప్పుకునేందుకు కాగితాలన్నీ ఆ బడికే ఇచ్చేశాడు.

మన ప్రశ్నకు వస్తాను. ఆ రోజు సమావేశంలో మాట్లాడిన మిత్రుడిదీ, మాస్టారిదీ ఇద్దరిదీ బడి మీది ప్రేమే. మిత్రుడి మాటలో ఒక న్యాయం ఉంది. మనల్ని అడగండి, మనకు చెప్పండి, లెక్కతో పాటు చదువు సంగతీ సభలో పెట్టండి. మాస్టారి మాటలో అంతకన్నా పెద్ద న్యాయం ఉంది. బక్లీని బక్లీగా తయారుచేసింది ఆయన కోరుకున్న యేల్ కాదు, ఆయన తిట్టిన యేల్. తనతో విభేదించే ఆచార్యులు ఉన్న యేల్, సంపాదకీయం రాయనిచ్చిన యేల్, చర్చాజట్టులో రెండు వైపులా వాదించడం నేర్పిన యేల్. ఆయన కోరినట్టు ఒకే నమ్మకాన్ని నేర్పే బడి అయి ఉంటే, ఎదిరించి మాట్లాడటం ఆయనకు ఎక్కడ అబ్బేది? యేల్ తప్పు చేసింది ఒక్కచోటే, ఆ ప్రసంగాన్ని ఆపినచోట.

నేను ఈ బళ్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు శనివారం మధ్యాహ్నాలు చర్చాపోటీలు ఉండేవి. 'కత్తి గొప్పదా, కలం గొప్పదా' వంటి విషయాలే. మా తెలుగు మాస్టారు ఒక నియమం పెట్టారు. ముందు ఒకవైపు మాట్లాడినవాడు, గంట తరవాత రెండోవైపు మాట్లాడాలి. మొదటిసారి నేను కలం వైపు గొంతు చించుకుని, ఆ తరవాత కత్తి వైపు నోరు పెగలక ఏడ్చేశాను. "ఎదుటివాడి మాట నీ నోట్లోంచి సరిగా రాకపోతే, నీ మాట నీకింకా తెలియలేదురా" అన్నారు మాస్టారు. ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు ప్రత్యేక తరగతులకు పోయాయి.

స్వర్ణోత్సవ కమిటీకి నా విన్నపం ఒక్కటే. ఆ చర్చాపోటీలను మళ్లీ మొదలుపెడదాం. బహుమతుల కోసం నా పింఛనులోంచి కొంత సొమ్ము హెడ్మాస్టరు గారికి అందజేశాను. విషయాలు ఏవి పెట్టాలో నేను చెప్పలేదు. అది మాస్టర్లూ పిల్లలూ చూసుకుంటారు. ఏడాదికి ఒకసారి వెనక బెంచీలో కూర్చుని వినడానికి మాత్రం అనుమతి అడిగాను. ఇచ్చారు.